మచిలీపట్నం సందర్శన: నకిరేకల్ రహదారి కొసన ఉన్న తీర నగరం

మచిలీపట్నం బంగాళాఖాతం ఒడ్డున, కృష్ణా డెల్టాలో ఉన్న రేవు నగరం. ఆంధ్రప్రదేశ్‌లోని కృష్ణా జిల్లాకు ముఖ్యపట్టణం. వాడుకలో బందరు. ఐరోపా వర్తకుల రాతల్లో మసులిపటం, మసులా అనే రూపాలు కనిపిస్తాయి. పుణెలో మొదలై హైదరాబాదు, నకిరేకల్, సూర్యాపేట, విజయవాడ మీదుగా సాగే 65వ నంబరు జాతీయ రహదారి ఇక్కడ ముగుస్తుంది. నల్లగొండ మెట్ట నేలల మీది నకిరేకల్ నుంచి బయలుదేరినవారు రోడ్డు మారకుండా చేరగల సముద్రం ఇదే.

ఈ వ్యాసం మచిలీపట్నాన్ని యాత్రికుల గమ్యంగా పరిశీలిస్తుంది. అక్కడికి వెళ్ళే దారి, ఊరి చరిత్ర, సముద్రం తీరు, చూడదగిన స్థలాలు, వృత్తికళలు, తిండి, వాతావరణం, ఇతర తీర నగరాలతో పోలిక ఇందులోని అంశాలు.

స్థానం, స్వరూపం

2011 జనాభా లెక్కల నాటికి పట్టణంలో సుమారు 1.7 లక్షల మంది ఉన్నారు. 1866లో ఏర్పడిన ఇక్కడి పురపాలక సంఘం తెలుగు నేలలోని పాత పురపాలక సంఘాల్లో ఒకటి. 2015లో అది నగరపాలక సంస్థ అయింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగి విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్ళినా, కృష్ణా జిల్లా కేంద్రంగా మచిలీపట్నమే కొనసాగింది.

తీర నగరం అనగానే ఇళ్ళ వరసల చివర అలలు కనిపిస్తాయని అనుకునే కొత్తవారికి బందరు బస్టాండులో దిగగానే సముద్రం ఆనవాలు దొరకదు. ఊరికీ సముద్రానికీ మధ్య బురద నేలలు, ఉప్పు కయ్యలు, కాలువలు ఉన్నాయి. జనం స్నానాలకు వెళ్ళే మంగినపూడి తీరం పట్టణం నుంచి దాదాపు 11 కిలోమీటర్లు. చేపల పడవలు ఆగే గిలకలదిండి రేవు మరో దిక్కున ఉంది. ఈ దూరానికి కారణం ‘సముద్రం వెనక్కి జరిగిన తీరు’ అన్న భాగంలో చూడవచ్చు.

దారి: మూసీ వంతెన నుంచి బందరు కాలువ దాకా

నకిరేకల్ నుంచి విజయవాడకు సుమారు 165 కిలోమీటర్లు, అక్కడి నుంచి మచిలీపట్నానికి మరో 70. నకిరేకల్‌కు రైలు మార్గం లేదు కాబట్టి ప్రయాణం రోడ్డు మీదే సాగుతుంది. విజయవాడ దాకా హైదరాబాదు బస్సులు, అక్కడి నుంచి బందరు బస్సులు దొరుకుతాయి. విజయవాడ నుంచి గుడివాడ మీదుగా రైలు కూడా ఉంది. ఆ శాఖకు మచిలీపట్నమే చివరి స్టేషను.

ఈ దారిలో నేల మారడం కంటికి తెలుస్తుంది. నిమ్మ తోటలకూ నిమ్మ మార్కెట్టుకూ పేరుపడ్డ నకిరేకల్ దాటి కేతేపల్లి మీదుగా వెళితే మూసీ వంతెన వస్తుంది. సూర్యాపేట, కోదాడ వరకు ఎర్రచెల్కలు, రాతిగుట్టలు, చెరువులు. కోదాడ తరువాత రాష్ట్ర సరిహద్దు. ఆపైన జగ్గయ్యపేట, నందిగామ. విజయవాడలో కృష్ణను చేరాక గుట్టలు వెనకబడతాయి. అక్కడ బందరు రోడ్డు అని జనం పిలిచే వీధే ముందుకు సాగి పెనమలూరు, కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు మీదుగా బందరు చేరుతుంది. వరి మడులు, చెరకు, కొబ్బరి, అరటి ఈ చివరి భాగంలో తోడుంటాయి.

నీళ్ళదీ ఇంచుమించు ఇదే దిక్కు. నకిరేకల్ పరిసరాల వాన నీరు మూసీలో పడి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసి, మచిలీపట్నానికి నైరుతిగా ఉన్న హంసలదీవి వద్ద సముద్రం చేరుతుంది. 1850లలో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక తవ్విన బందరు కాలువ పొలాలకు నీరివ్వడంతో పాటు చాలాకాలం పడవల దారిగానూ పనిచేసింది. 1908లో రైలు వచ్చిన తరువాత పడవ ప్రయాణాలు క్రమంగా తగ్గాయి.

చరిత్ర

*ప్రాచీన కాలం.* క్రీ.శ. 1వ శతాబ్దంలో ఒక గ్రీకు నావికుడు రాసిన ఎర్ర సముద్ర యాత్రా గ్రంథంలో మసాలియా అనే తీర ప్రాంతం, అక్కడ విరివిగా నేసే సన్నని నూలు బట్టలు ప్రస్తావనకు వచ్చాయి. తరువాతి శతాబ్దంలో టాలెమీ దాన్ని మైసోలియా అన్నాడు. పండితులు ఈ పేర్లను కృష్ణా ముఖద్వార ప్రాంతంతో ముడిపెడతారు. అదే కాలంలో ఘంటసాల, జగ్గయ్యపేట, నేటి సూర్యాపేట జిల్లాలోని ఫణిగిరి బౌద్ధ కేంద్రాలుగా వెలిశాయి. తీరం నుంచి లోపలి మెట్ట వరకు ఈ కేంద్రాలు వరసగా కనిపిస్తాయి.

*గోల్కొండ రేవు.* కుతుబ్‌షాహీల కాలంలో మచిలీపట్నం గోల్కొండ రాజ్యానికి సముద్ర ద్వారమైంది. పెగూ, సయాం, సుమత్రా, ఇరాన్, ఎర్ర సముద్ర రేవుల వరకు ఇక్కడి నుంచి ఓడలు నడిచాయి. కలంకారీ బట్టలు, ఉక్కు, నీలిమందు, వజ్రాలు బయటికి వెళ్ళేవి. గుర్రాలు, తగరం, సుగంధ ద్రవ్యాలు లోపలికి వచ్చేవి. దక్కను నుంచి మక్కా వెళ్ళే యాత్రికులు ఇక్కడ ఓడ ఎక్కేవారు. ఇరాన్ నుంచి వచ్చిన వర్తకులు ఈ రేవులో స్థిరపడ్డారు. తరువాత మీర్ జుమ్లాగా ప్రసిద్ధుడైన మహమ్మద్ సయ్యద్ 1630లలో ఇక్కడ హవల్దారుగా, అంటే రేవు పాలనాధికారిగా పనిచేశాడు.

రాజధానికీ రేవుకూ మధ్య దారి నల్లగొండ సీమ గుండా పోయేది. 17వ శతాబ్దపు ఫ్రెంచి రత్నాల వర్తకుడు తావెర్నియే గోల్కొండ నుంచి మచిలీపట్నానికి తిన్నటి దారి 100 కోసులనీ, కొల్లూరు వజ్రపు గనుల మీదుగా వెళితే 112 కోసులనీ లెక్క చెప్పాడు. అతని మజిలీల పట్టికలో నల్లగొండ పక్కనున్న పానగల్లు, తరువాత కొల్లూరు, బెజవాడ కనిపిస్తాయి. బందరును కొయ్య ఇళ్ళతో కట్టిన అందంలేని ఊరని రాసిన ఆ వర్తకుడే, బంగాళాఖాతంలో ఓడలు నిలవడానికి ఇంతకన్నా మంచి చోటు లేదని మెచ్చుకున్నాడు. బంజారాల ఎడ్ల బిడారులు తీరపు ఉప్పును లోపలి ఊళ్ళకు చేర్చేవి.

*కంపెనీల కాలం.* డచ్చివారు 1605లో ఇక్కడికి వచ్చి, గోల్కొండ అనుమతితో వర్తకశాల పెట్టారు. 1611లో గ్లోబ్ అనే ఓడలో ఇంగ్లీషువారు, 1669లో ఫ్రెంచివారు వచ్చారు. 1632లో అబ్దుల్లా కుతుబ్ షా ఇచ్చిన ‘బంగారు ఫర్మానా’ ఏటా 500 పగోడా నాణేల సుంకంతో ఇంగ్లీషువారికి గోల్కొండ రేవుల్లో వర్తక హక్కు కల్పించింది. అయినా 1641లో వారు తమ కోరమాండల్ తీర కేంద్రాన్ని మచిలీపట్నం నుంచి చెన్నపట్నానికి మార్చారు. మొగలులు గోల్కొండను పట్టుకున్న 1687 తరువాత రేవు వ్యాపారం తగ్గుముఖం పట్టింది. 1759 ఏప్రిల్‌లో ఇంగ్లీషు కల్నల్ ఫోర్డు ఫ్రెంచివారి నుంచి ఇక్కడి కోటను గెలవడంతో ఈ తీరంలో ఇంగ్లీషువారికి ఎదురులేకపోయింది. 1802 వర్తక ఒప్పందం ప్రకారం నిజాముకు మచిలీపట్నం రేవును వాడుకునే హక్కు దక్కింది. సొంత సముద్రం లేని హైదరాబాదు రాజ్యం చూపు ఈ రేవు మీదే ఉండేది.

*తుపాన్లు.* 1864 నవంబరు 1 రాత్రి విరుచుకుపడ్డ తుపానులో సముద్రపు ఉప్పెన ఊరిని ముంచి మైళ్ళ దూరం లోపలికి చొచ్చుకొచ్చింది. పట్టణంలోనూ చుట్టుపక్కలా సుమారు 30 వేల మంది చనిపోయారు. మరుసటి ఏడు కోటలోని సైన్యాన్ని ఉపసంహరించుకున్నారు. 1977 నవంబరు 19న దివిసీమను తుడిచిపెట్టిన ఉప్పెన ఈ జిల్లా ఇప్పటికీ తలచుకునే విషాదం. అందులో మృతులు వేల సంఖ్యలో ఉన్నారు.

*విద్య, జాతీయోద్యమం.* రేవు తగ్గిన కాలంలోనే ఊరు చదువులకు కేంద్రమైంది. 1843లో రాబర్ట్ నోబుల్ పెట్టిన బడి నోబుల్ కళాశాలగా ఎదిగింది. 1902లో కృష్ణాపత్రిక ఇక్కడ పుట్టింది. ముట్నూరి కృష్ణారావు సంపాదకత్వంలో ఆంధ్ర ప్రజల ఆలోచనలను మలిచింది. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి, భోగరాజు పట్టాభి సీతారామయ్యల కృషితో 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల ఏర్పడింది. బెంగాలీ చిత్రకారుడు ప్రమోద్ కుమార్ చటర్జీ అక్కడ చిత్రకళ నేర్పాడు. అడివి బాపిరాజు ఆయన శిష్యుల్లో ఒకడు. 1923 నవంబరులో పట్టాభి ఇక్కడే ఆంధ్రా బ్యాంకును స్థాపించారు. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో విలీనమైంది. జాతీయ పతాక రూపకల్పనతో పేరొందిన పింగళి వెంకయ్య జన్మస్థలం భట్లపెనుమర్రు కూడా బందరు సమీపంలోనిదే.

సముద్రం వెనక్కి జరిగిన తీరు

కృష్ణా నది ఏటా మోసుకొచ్చే ఒండ్రు డెల్టా అంచున పేరుకుంటుంది. ఈ తీరంలో సముద్రపు అడుగు చాలా దూరం వరకు నెమ్మదిగా వాలుతుంది, లోతు తక్కువ. అందుకే రేవు మంచి రోజుల్లోనూ పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేదు. దూరంగా లంగరు వేస్తే, సరుకును పడవలు మోసేవి. కోరమాండల్ తీరమంతా వాడిన మసులా పడవల్లో ఇనుప మేకు ఉండదు; పలకలను కొబ్బరి పీచు తాళ్ళతో కుడతారు. అల కొట్టినప్పుడు పలకలు కొంచెం వంగి దెబ్బను కాచుకుంటాయి.

18వ శతాబ్దం తరువాత ఓడల పరిమాణం పెరిగింది, రేవు ముఖం పూడుకుపోయింది. మరమగ్గాల బట్టలు వచ్చి అద్దకపు వర్తకాన్ని దెబ్బతీశాయి. ఉప్పెనలు మిగిలినదాన్ని కుదిపాయి. ఈ కారణాలన్నీ ఒకదాని మీద ఒకటి పడటంతో బందరు రేవు చిన్నదైపోయింది.

మంగినపూడిలో ఈ భూగోళం పాదాలకు తెలుస్తుంది. తీరం నేల తెల్లటి ఇసుక కాదు, నల్లరేగడిని పోలిన బూడిద రంగు మెత్తటి మట్టి. అలలు మట్టి రంగులో వస్తాయి. లోపలికి చాలా అడుగులు వేసినా నీరు మోకాళ్ళ దగ్గరే ఉంటుంది. విశాఖ నీలి నీళ్ళను ఊహించుకుని వచ్చినవారికి ఇది కొత్తగా ఉంటుంది గానీ, డెల్టా ఎలా పుడుతుందో చూడాలనుకునేవారికి ఇంతకన్నా స్పష్టమైన చోటు దొరకడం కష్టం.

సందర్శన రకాలు

*తీర్థయాత్ర.* కార్తీక, మాఘ పౌర్ణములకు మంగినపూడిలో సముద్ర స్నానాలకు జనం పోటెత్తుతారు. తీరానికి దగ్గరలోని దత్తాశ్రమంలో పన్నెండు తీర్థాల పేర ఉన్న పన్నెండు బావుల నీళ్ళతో స్నానం చేయడం ఆచారం. చిలకలపూడిలో 1929లో భక్త నరసింహం కట్టించిన పాండురంగస్వామి ఆలయం పండరిపురం సంప్రదాయాన్ని అనుసరిస్తుంది. కార్తీక మాసంలో అక్కడ ఉత్సవాలు జరుగుతాయి.

*చారిత్రక స్థలాలు.* పట్టణానికి ఆగ్నేయంగా బందరు కోట ఉంది. డచ్చివారి కాలం నాటి ఆ చోట పాత ఆయుధాగారం, గంట గోపురం వంటి శిథిలాలు మిగిలాయి. ఊళ్ళోని డచ్చి సమాధుల తోటలో 17వ శతాబ్దపు రాళ్ళ మీద కుటుంబ చిహ్నాలు, ఓడల వర్తకుల పేర్లు లోతుగా చెక్కి ఉన్నాయి. సెయింట్ మేరీ చర్చిని జనరల్ పేటర్ 1809లో మరణించిన తన ప్రియురాలు అరబెల్లా కోసం కట్టించాడని స్థానికుల కథనం. జాతీయ కళాశాల ప్రాంగణం, నోబుల్ కళాశాల 19, 20 శతాబ్దాల చరిత్రను చూపుతాయి.

*వృత్తికళలు.* మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉంది. శ్రీకాళహస్తిలో కలంతో గీస్తారు. ఇక్కడ టేకు కొయ్య అచ్చులతో అద్దుతారు. బందరుకు దగ్గరలోని పెడన ఇప్పుడు ఈ పనికి ముఖ్య కేంద్రం. ఇరాన్ అభిరుచికి తగ్గ తీగలు, పూలు, జీవవృక్షం వంటి నమూనాలు గోల్కొండ కాలంలో ఇక్కడ స్థిరపడ్డాయి.

పనివరస ఇలా ఉంటుంది. ముందు బట్టకున్న గంజి పోయేలా ఉతుకుతారు. కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరబెడతారు. అప్పటికి బట్ట లేత పసుపు రంగుకు వస్తుంది. తుప్పుపట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీళ్ళలో రోజుల తరబడి నానబెట్టి తయారుచేసిన ద్రావణాన్ని అచ్చుకు పూసి ఒత్తితే, అది కరక్కాయ పులిమిన చోట నల్లగా తేలుతుంది. ఎర్ర రంగు రావలసిన చోట పటిక అద్దుతారు. తరువాత బట్టను పారే కాలువ నీటిలో జాడించి, రాగి గంగాళంలో రంగు వేర్లతో ఉడకబెడతారు. పటిక పడిన చోట మాత్రమే ఎరుపు పట్టుకుంటుంది. పూర్వం ఈ ఎరుపుకు వాడిన చిరివేరు కృష్ణా డెల్టా ఇసుక నేలల్లో పెరిగేది. నీలం, పసుపు, ఆకుపచ్చ చివర్లో వస్తాయి. ఒక్కో రంగుకూ ఉతుకు, ఎండ, మళ్ళీ ఉతుకు. మేఘాలు కమ్మితే పని ఆగుతుంది. కార్ఖానాకు వెళ్ళినవారు అచ్చు మీద కార్మికుడి పిడికిలి దెబ్బను గమనించాలి: ముందటి అద్దకం అంచుకు తరువాతిది వెంట్రుకవాసి తేడా లేకుండా కలవడం ఆ దెబ్బలోని నేర్పే.

చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ నగలు మరో స్థానిక పరిశ్రమ. రాగి వంటి లోహం మీద పల్చటి బంగారు పూతతో చేసే ఈ నగలు రాష్ట్రం దాటి అమ్ముడవుతాయి.

*ప్రకృతి, పరిసరాలు.* కృష్ణా అభయారణ్యంలో మడ అడవులు, బావురు పిల్లులు ఉన్నాయి. హంసలదీవిలో వేణుగోపాలస్వామి ఆలయం, ఆపైన నదీ సాగర సంగమం. పామర్రు మార్గంలో పక్కకు తిరిగితే కూచిపూడి వస్తుంది. గోల్కొండ చివరి సుల్తాను తానీషా అక్కడి భాగవతుల ప్రదర్శన చూసి ఆ ఊరిని వారికి ఇచ్చాడని సంప్రదాయం చెబుతుంది. శ్రీకాకుళం గ్రామంలోని ఆంధ్ర మహావిష్ణువు ఆలయం, ఘంటసాల బౌద్ధ అవశేషాలు కూడా ఈ పరిధిలోనివే.

తిండి

తొక్కుడు లడ్డు అని కూడా పిలిచే బందరు లడ్డుకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. శనగపిండిని నేతిలో సన్నని కారప్పూసలా వేయించి, రోట్లో దంచి, జల్లించి, బెల్లం పాకంతో మళ్ళీ దంచి, నెయ్యి పోసి ఉండ చుడతారు. ఉండ నోట్లో వేసుకుంటే పలుకు తగలకుండా కరగాలి. బుందేల్‌ఖండ్ నుంచి వచ్చిన బొందిలీ కుటుంబాలు ఈ మిఠాయిని తెచ్చాయని చెబుతారు. గోధుమ పాలు, బెల్లం, నెయ్యితో గంటల తరబడి కలియబెట్టి చేసే బందరు హల్వా నల్లగా మెరుస్తుంది. సముద్రపు చేపలు, రొయ్యలు, పీతలు గిలకలదిండి నుంచి వస్తాయి.

ఋతువులు, జాగ్రత్తలు

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు ప్రయాణానికి అనుకూలం. ఏప్రిల్, మే నెలల్లో ఉక్క ఎక్కువ. నల్లగొండ ఎండకు అలవాటుపడ్డవారినీ తీరపు తేమ అలసటకు గురిచేస్తుంది. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. మచిలీపట్నంలోని డాప్లర్ వాతావరణ రాడారు తుపాన్ల కదలికను గమనిస్తుంది. హెచ్చరికలు ఉన్నప్పుడు తీరానికి వెళ్ళకూడదు. 2004 డిసెంబరు 26 నాటి సునామీ మంగినపూడిలోనూ ప్రాణాలు తీసింది. నీరు లోతు లేదని ధైర్యంగా లోపలికి నడిచేవారిని అలల లాగుడు మోసగించవచ్చు. మెట్ట ప్రాంతం నుంచి వచ్చే కుటుంబాలు పిల్లలను చేయి వదలకుండా చూసుకోవాలి.

ఇతర తీర నగరాలతో పోలిక

విశాఖపట్నం రేవుకు యారాడ కొండ సహజమైన అడ్డుగోడ. 1933లో ప్రారంభమైన ఆ రేవు లోతు వల్ల పెద్ద ఓడలను అందుకుంది. దక్షిణ కొరియాలోని బూసాన్ మరింత దూరపు ఉదాహరణ. దాదాపు 33 లక్షల జనాభా గల ఆ నగరానికి పడమటి అంచున నక్‌దోంగ్ నది ఒండ్రు దింపుతుంది. పాత రేవు మాత్రం నది ముఖానికి తూర్పుగా, యోంగ్‌దో ద్వీపం కాపుకాసే లోతైన అఖాతంలో ఉంది. 1876లో విదేశీ వర్తకానికి తెరిచిన ఆ రేవు ఇప్పుడు ప్రపంచంలోని పెద్ద కంటైనరు రేవుల్లో ఒకటి. బూసాన్‌లో యాత్రికులు హెయుందే తీరం, జగల్చి చేపల బజారు, కొండవాలు ఇళ్ళ మధ్య సముద్రాన్ని నగరం నడిబొడ్డునే చూస్తారు. బందరులో కొండ లేదు, ద్వీపం లేదు, లోతు లేదు. డెల్టా మట్టి ఉంది. ఇవే రెండు రేవుల దారులను వేరు చేశాయి.

వర్తమానం

2023 మే 22న మచిలీపట్నం కొత్త రేవు పనులకు శంకుస్థాపన జరిగింది. లోతు తక్కువ తీరం కాబట్టి సముద్రపు అడుగును తవ్వి ఓడల కాలువ ఏర్పరచడం, అలలను ఆపే రాతి కట్టలు కట్టడం ఈ పథకంలో ప్రధాన భాగాలు. హైదరాబాదు దిశగా సరుకు రవాణాకు 65వ నంబరు రహదారే సహజ మార్గం. రేవు పనిచేయడం మొదలైతే లారీలు నకిరేకల్ మీదుగా తీరానికి రాకపోకలు సాగిస్తాయి. సందర్శకుల విషయానికి వస్తే, ఒక రోజులో మంగినపూడి, పాండురంగస్వామి ఆలయం, కోట, సమాధుల తోట చూడవచ్చు. పెడన కార్ఖానాలకూ కూచిపూడి, ఘంటసాల, హంసలదీవులకూ రెండో రోజు కేటాయించాలి.